రాహుకాలం దాటాక ఒక జీబీ

మంచి గడియ చూసుకొని చెడ్డ పని చేస్తే, ఆ గడియ చేసినవాడికి కలిసొస్తుందా?

ఈ సందేహం భద్రయ్యను పట్టుకొని చాలా ఏళ్ళయింది. సబ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న రోజుల్లో ఒక దొంగను పట్టుకున్నాడు. వాడు వర్జ్యం వెళ్ళేదాకా గోడవతల గొంతుక్కూచొని, ఆ తరవాతే తాళం మీద చెయ్యి వేశాడట. "మరి దొరికిపోతివి గదరా" అంటే, "నా గడియ మంచిదే సార్, మీది ఇంకా మంచిదై ఉంటది" అన్నాడు. స్టేషనంతా నవ్వింది. భద్రయ్య కూడా నవ్వాడు. కానీ ఇంటికొచ్చి స్నానం చేసి ఆంజనేయస్వామి పటం ముందు నిలబడితే ఆ మాటే మళ్ళీ గుర్తొచ్చింది. తను మొక్కే దేవుడికే వాడూ మొక్కాడు. తను చూసే పంచాంగమే వాడూ చూశాడు. పూజారిని అడిగితే తీర్థం పోసి పంపించాడు.

ఉద్యోగం అయిపోయి, రాంగోపాల్‌పేటలో బట్టల దుకాణం పైన ఒక గది తీసుకొని డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టుకున్నాక కూడా ఆ సందేహం ఆయన వెంటే వచ్చింది. అయితే ఆ సోమవారం పొద్దున, రెండు సందుల అవతల ఉన్న ఝాన్సీలక్ష్మి ఇంటి మెట్లు ఎక్కుతున్నప్పుడు మాత్రం దాని ఊసు లేదు. ఆయన ఆలోచనంతా ఒక మనిషి బతికున్నాడా లేడా అన్నదాని మీదే.

ఆ మనిషి పేరు సత్యదేవ్. ఝాన్సీలక్ష్మి భర్త. అతన్ని వెతికిపెట్టమని ఆమే భద్రయ్యను పెట్టుకుంది. నరసరాజు అనే ఆయన నడిపే ట్రావెల్స్‌లో టూర్ మేనేజరు. తెలుగువాళ్ళను గుంపుగా కంబోడియా తీసుకెళ్ళి, అంకోర్‌వాట్ గుళ్ళు చూపించి, రోజూ పెరుగన్నం దొరికేలా చూసి, క్షేమంగా తీసుకొచ్చేవాడు. ఆషాఢంలో అలాగే వెళ్ళాడు. గుంపు తిరిగొచ్చింది, సత్యదేవ్ రాలేదు. అదే గుంపులో వెళ్ళిన ఇద్దరు కుర్రాళ్ళూ రాలేదు. వాళ్ళ పాస్‌పోర్టులు తీసుకొని మేనేజరే పారిపోయాడని నరసరాజు ఫిర్యాదు చేశాడు. కార్తీకం కూడా దాటిపోయింది.

"అమ్మా, ఒక్క మాట సీదా అడుగుతా, ఏమనుకోకు," అన్నాడు భద్రయ్య కుర్చీలో కూర్చుంటూ. "మీ ఆయన ఉన్నడని నీకెట్ల నమ్మకం?"

ఝాన్సీలక్ష్మి బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి. జవాబు తడుముకోదు. "డేటా వేసుకుంటున్నారండీ," అంది.

"అంటే?"

"ఫారిన్ వెళ్ళేవాళ్ళు ఇప్పుడు అక్కడ దిగి సిమ్ కార్డు కోసం లైన్లో నిలబడరండీ. ఈ-సిమ్ అని, కార్డే ఉండదు. ఇక్కడుండగానే ఒక కోడ్ స్కాన్ చేస్తే ప్యాక్ ఫోన్‌లోకి ఎక్కుతుంది. అయిపోతే యాప్‌లో మళ్ళీ వేసుకోవచ్చు. ఆయన తన ప్యాక్‌కి నా మెయిల్ ఇచ్చారు. అందుకని వేసుకున్నప్పుడల్లా నాకు రశీదు వస్తుంది. చూడండి." ఫోన్ ఆయన చేతికిచ్చింది. "ఆయన నుంచి మాట లేదు, మెసేజ్ లేదు. ఇదొక్కటే. ఇది వచ్చిన రోజు నాకు అన్నం సహిస్తుందండీ."

భద్రయ్య కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఇవి ఇంకెవరన్న చూసిన్రా?"

"నరసరాజు గారు. ఆదివారం ఆదివారం వచ్చి నా ఫోన్ తీసుకొని చూస్తారు. ఏమైనా కబురు తెలిసిందేమోనని, పాపం."

"పాపమే," అన్నాడు భద్రయ్య. ఆ మాట ఎటువైపు అన్నాడో ఆమెకు తెలియలేదు.

ఆయన రశీదుల మీద ఉన్న వేళలు చదవడం మొదలుపెట్టాడు. ఒక మంగళవారం నాలుగున్నర దాటగానే వేశారు. ఒక శుక్రవారం పన్నెండు దాటగానే. శనివారమైతే పదిన్నర దాటాక, బుధవారమైతే ఒకటిన్నర దాటాక. పైకి చూస్తే తలాతోకా లేని వేళలు. కానీ భద్రయ్యకు అవి ఎక్కడో చదివినట్టున్నాయి. చదవడం కాదు, రోజూ చూస్తున్నట్టే ఉన్నాయి. ఇల్లు కదిలే ముందు, ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు, గోడ వైపు తలెత్తి చూస్తాడే, అవి.

"మీ ఆయన రాహుకాలం చూస్తడా అమ్మా?"

అన్ని రోజుల్లో మొదటిసారి ఝాన్సీలక్ష్మి నవ్వింది. "ఆయనా! టూర్ మేనేజరు రాహుకాలం చూసుకుంటే విమానం ఎక్కినట్టేనండీ. ఆ పట్టింపులన్నీ మా వదినగారివి."

"ఈ వేసేటోళ్ళు మాత్రం రాహుకాలం పోయిందాక కూసొని, పోంగనే వేస్తున్నరు. ఒక్కటి సుత తప్పలె. అది సుత మన క్యాలెండర్ టైమే. కంబోడియాల పొద్దు మనకన్న ముందు పొడుస్తది. ఆడ ఉన్నోళ్ళకు మన టైము పనికిరాదు." భద్రయ్య ఫోన్ బల్ల మీద పెట్టాడు. చెప్పబోయే మాట ఆయనకే కష్టంగా ఉంది. "ఇది వేస్తున్నది మీ ఆయన కాదమ్మా. సికింద్రాబాద్‌ల, గోడకు క్యాలెండర్ ఉన్న ఇంట్ల కూసొని ఎవరో వేస్తున్నరు."

ఆమె ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. పోవడానికి దారి తెలియనట్టు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

లోపలి గదిలో గంట మోగింది. పూజ ముగిసిందన్నమాట.

"జెర మీ దేవుని అర్ర చూస్తా," అని భద్రయ్య లేచాడు.

దేవుడి గది ముందు కామేశ్వరమ్మ హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. సత్యదేవ్‌కు అక్క. తల్లి పోతే తమ్ముణ్ణి తనే పెంచింది. భర్త పోయాక తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. మనిషి సన్నగా, నిటారుగా ఉంది. ఎదుటివాళ్ళకు సందు ఇవ్వకుండా గలగలా మాట్లాడుతుందని ఝాన్సీలక్ష్మి చెప్పింది. ఇప్పుడు మాత్రం ఒక్క మాటే అంది. "హారతి తీసుకోండి."

భద్రయ్య కళ్ళకద్దుకున్నాడు. అద్దుకుంటూనే గదంతా చూశాడు. వెంకటేశ్వరస్వామి పటం, లక్ష్మీదేవి పటం, పక్కన గోడకు తిథులూ రాహుకాలాలూ ఉన్న క్యాలెండరు. పటాల చుట్టూ రంగు బల్బుల తీగ. తీగ ఉంది గానీ బల్బులు వెలగడం లేదు. దాని ప్లగ్గు కిందికి వేలాడుతోంది. ఆ చోట ఒక చార్జరు పెట్టి ఉంది. దాని తీగ లక్ష్మీదేవి పటం వెనక్కి పోయింది.

"తల్లికి దీపాలు ఆర్పి చార్జర్ పెట్టిన్రేందమ్మా?"

కామేశ్వరమ్మ పళ్ళెం కింద పెట్టింది. ఆయన చెయ్యి పెట్టకముందే, తనే పటం వెనకనుంచి పట్టు జాకెట్టు గుడ్డలో చుట్టిన ట్యాబ్ తీసి ఇచ్చింది.

"నేనే వేస్తున్నానండీ," అంది.

గుమ్మం దగ్గర గ్లాసు కింద పడ్డ చప్పుడైంది. ఝాన్సీలక్ష్మి కాఫీ తెచ్చింది. నేలంతా కాఫీ పారుతున్నా ఆమె చూడలేదు.

"వదినా," అంది. "ఆయన కాదా?"

కామేశ్వరమ్మ ఆమె వైపు తిరగలేదు. భద్రయ్యకే చెప్పడం మొదలుపెట్టింది.

"మా తమ్ముడు గుంపులోవాళ్ళందరికీ ఈ ప్యాకులు ఇప్పించేవాడండీ. అక్కడికెళ్ళాక అందరూ ఫొటోలనీ వీడియోకాల్సనీ రెండు రోజుల్లో ఊదేసేవారు. వాడు గుళ్ళో ఉంటాడు, గుట్ట మీద ఉంటాడు, ఎందరికని వేస్తాడు? అందుకని నాకు నేర్పాడు. వాళ్ళు నాకు మెసేజ్ పెడితే నేనిక్కడ కూర్చొని వేసేదాన్ని. రాహుకాలంలో మాత్రం వేసేదాన్ని కాదు. గుంపంతా నవ్వుకునేవారట. అంకోర్‌వాట్‌లో కూర్చొని, 'అక్కగారి రాహుకాలం అయిందా లేదా' అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కునేవారట."

ఆమె ప్రమిదలో వత్తి ఎగదోసింది.

"ఆ బుధవారం మధ్యాహ్నం వాడి మెసేజ్ వచ్చింది. 'అక్కా, అర్జెంటు, అయిపోవస్తోంది, ఒక్క జీబీ వెయ్యి' అని. అప్పుడే రాహుకాలం వచ్చింది. వాడికి ప్యాక్ అయిపోవడం మామూలే కదా అనుకున్నాను. 'ఒకటిన్నర దాటనీరా నాన్నా' అని రాశాను. దాటగానే వేశాను. కానీ వాడు మళ్ళీ మాట్లాడలేదండీ. ఆ గంటన్నరలో వాడికేం అవసరమొచ్చిందో, ఎవర్ని పిలుద్దామనుకున్నాడో, దారే తప్పాడో! వాడు అడిగినప్పుడు ఇవ్వలేకపోయాను."

"మరి తర్వాత కూడా ఎందుకు వేస్తున్నవమ్మా?"

"అయిపోతోంది కాబట్టి!" కామేశ్వరమ్మ ఇప్పుడు మరదలి వైపు తిరిగింది. "ఝాన్సీ, వేస్తున్నది నేనే. కానీ ఖర్చు పెడుతున్నది నేను కాదమ్మా. వేసినదల్లా తగ్గుతోంది. ప్రమిదలో నూనె తగ్గుతోందంటే వత్తి వెలుగుతున్నట్టే కదా! నీకొచ్చే రశీదు చూసి నువ్వు అన్నం తింటున్నావు. ఈ తగ్గడం చూసి నేను తింటున్నాను. నీకు చెబితే నీ ముద్ద ఆగిపోతుందని చెప్పలేదు. రోజూ దీపం పెట్టి అబద్ధం ఆడాను. ఏమంటావో అను."

ఝాన్సీలక్ష్మి వంగి గ్లాసు తీసింది. గుడ్డ తెచ్చి నేల తుడవసాగింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

"వా గురువుగారు, వా! కేసు క్లోజ్ చేసిన్రు!"

వీధి గుమ్మంలో చప్పట్లు కొడుతూ విజయేందర్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు భద్రయ్య దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు తిరుమలగిరిలో ఏసీ ఆఫీసు, నలుగురు ఉద్యోగులు, ఇస్త్రీ నలగని చొక్కా. సత్యదేవ్‌ను వెతికి పట్టమని నరసరాజు పెట్టుకున్నది అతన్నే.

"తలుపు కొట్టి రావాలని నేర్పలేదారా నీకు?" అన్నాడు భద్రయ్య.

"తలుపు తీసే ఉంది సార్. అంతా విన్న. పారిపోయినోనికి ఇంటోళ్ళే డేటా సప్లై! మా క్లయింట్‌కు ఇది చాలు. ఈ ఇద్దరి మీద కూడా కేసైతది. నేను నెల రోజుల్నుంచి ఐపీ అడ్రసులని, నెట్ రికార్డులని పరేషాన్ అయితుంటే మీరు గోడ మీది క్యాలెండర్ చూసి పట్టిన్రు. మెచ్చుకోవాలె మిమ్మల్ని. కానీ లాభమేముంది? మనిషి కంబోడియాల హాయిగా కూసొని నెట్ కాలుస్తున్నడు."

"ఎవరు జెప్పిన్రు?"

"ఫారిన్ ప్యాక్ ఫారిన్లనే గద సార్ పని చేసేది?"

భద్రయ్య ట్యాబ్ ఝాన్సీలక్ష్మికి ఇచ్చాడు. "అమ్మా, వేసింది కాదు, వాడింది ఏడుంటదో చూసి చదువు."

ఆమె తడి చెయ్యి చీరకు తుడుచుకొని వేలితో పైకి జరిపింది. మిగిలినదెంతో పెద్ద అంకెల్లో ఉంది. దాదాపు అయిపోవచ్చింది. దాని కింద చీమ తలకాయంత అక్షరాలు. ఆమె చదివింది, ఆగింది, మళ్ళీ చదివింది.

"వాడిన దేశం... భారత్ అని ఉంది. దసరా ముందునుంచీ అన్నీ అలాగే ఉన్నాయి." ఇంకొంచెం జరిపింది. "ఇది ఆసియా ప్యాక్. చాలా దేశాలున్నాయి. ఆ వరసలో మన దేశం పేరూ ఉంది, విదేశాల నుంచి వచ్చేవాళ్ళ కోసం."

"నేనెప్పుడూ పెద్ద అంకె ఒక్కటే చూసేదాన్ని," అంది కామేశ్వరమ్మ, నమ్మలేనట్టు. "కింద అక్షరాలు నాకు ఆనవు."

ఫోన్ దేశంలోనే ఉంది. ఎవరి చేతిలో ఉందో తెలియదు. విజయేందర్ ముఖంలో వెటకారం పోయి వేటకుక్క చురుకు వచ్చింది. అప్పటికే జేబులోంచి ఫోన్ తీస్తున్నాడు.

"ఆగు విజయేందర్. ఒక్కరోజు ఆగి చెప్పు మీ నరసరాజు గారికి."

"క్లయింట్‌కు చెప్పకుండ దాచుడు మీ కాలం పద్ధతి సార్."

"మా కాలంల క్లయింట్ ఎసొంటోడో ముందు చూసుకుంటుంటిమి. ఆడమనిషి ఫోన్ వారం వారం తీసి చూసేటోడు దేనికి చూస్తున్నడో ఎన్నడన్న అడిగినవా?"

"నాకు అప్పజెప్పింది మనిషిని వెతుకుడు. దొరికినంక మంచిచెడ్డ కోర్టు చూసుకుంటది." విజయేందర్ మెట్లు దిగిపోయాడు. కిందనుంచి అతని మాట పైకి వినిపించింది: "నమస్తే రాజుగారూ, గుడ్ న్యూస్..."

ఇక మిగిలింది ఒకటే దారి అనుకున్నాడు భద్రయ్య. ఆ తరవాత చాలా రోజులు ఆ నిర్ణయాన్ని ఆయన తలుచుకొని తలుచుకొని బాధపడ్డాడు.

"అమ్మా, ఈసారి డేటా వేయకు," అన్నాడు కామేశ్వరమ్మతో. "అది వాడుతున్నది మీ తమ్ముడే అయితే, నువ్వు వేసుడే ఆయనకు ఇల్లు క్షేమమన్న కబురు. ఆగిపోతే పరేషానై ఎట్లనన్న కదులుతడు. దొంగ ఎవడన్న అయితే ఊకుంటడు."

"మళ్ళీ ఆపమంటారా?" ఆమె రెండు చేతులూ ట్యాబ్ మీదే ఉన్నాయి. "ఒకసారి ఆపినదానికే..."

"ఒక్కరోజు."

ఆమె ట్యాబ్‌ను మళ్ళీ పట్టుగుడ్డలో చుట్టింది.

మర్నాడు మంగళవారం. మధ్యాహ్నం మూడు దాటాక భద్రయ్య మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాడు. ఝాన్సీలక్ష్మి బడికి సెలవు పెట్టింది. వదినా మరదళ్ళు ఒకే గదిలో చెరో మూల కూర్చొని ఉన్నారు. ఇద్దరూ పొద్దుటినుంచి ఏమీ తిన్నట్టు లేదు. పొద్దున తీసి చూస్తే యాప్‌లో పెద్ద అంకె సున్నాకి వచ్చిందట.

భద్రయ్య కుర్చీ లాక్కునేలోపే మెట్ల మీద పరుగు వినిపించింది. విజయేందర్. ఇవాళ చొక్కా నలిగి ఉంది.

"సార్, తప్పయింది." రొప్పుతున్నాడు. "నిన్న నేను 'మనిషి ఇండియాలనే ఉన్నడు' అన్న. అంతే అన్న. రాజుగారు వెంటనే ఏమన్నడో ఎరికేనా? 'అయితే బొల్లారంలో ఉంటాడు. పెళ్ళికి ముందు అద్దెకున్న ఇల్లొకటుంది' అన్నడు. పోలీసులకు చెప్దామా అంటే, 'వద్దొద్దు, మావాళ్ళు చూసుకుంటారు' అన్నడు. ఫిర్యాదు ఇచ్చినోడే పోలీసులు వద్దంటడా? రాత్రంతా నిద్ర పట్టలె. ఇయ్యాల ఆయన ఆఫీసుకు పోతే జీపు లేదు, డ్రైవర్ లేడు, రాజుగారూ లేడు."

భద్రయ్య లేచి నిలబడ్డాడు. అప్పుడే కామేశ్వరమ్మ ఒళ్ళోని ఫోన్ మోగింది. తెలియని నంబరు. భద్రయ్య సైగ చేస్తే ఆమె స్పీకర్ నొక్కింది.

"అక్కా! ఒంట్లో ఎలా ఉంది నీకు? నిన్నటినుంచి వెయ్యలేదేం?"

కామేశ్వరమ్మ ఫోన్ బల్ల మీద పెట్టి, మరదలిని రమ్మని చెయ్యి ఊపింది. ఝాన్సీలక్ష్మి మూలలోంచి లేచొచ్చి, ఫోన్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఏవండీ."

"ఝాన్సీ! తరవాత తిడుదువుగాని. ఎంత తిట్టినా పడతాను. నీ ఫోన్ రాజుగారు చూస్తారని తెలుసు, అక్క నోట్లో ఏ మాటా ఆగదు, అందుకే..."

"మాట ఆపింది అక్కే," అంది ఝాన్సీలక్ష్మి. ఏడుస్తోంది. "నెలల తరబడి మీ అక్కే నోరు కట్టుకుంది."

"సత్యదేవ్ గారూ, నేను భద్రయ్యను, డిటెక్టివ్‌ను, మీ ఇంటోళ్ళు పెట్టుకున్నరు," అన్నాడు భద్రయ్య. "బొల్లారంల ఉన్నవా? ఎవరన్న వచ్చిన్రా?"

"గేటు బయట రాజుగారి జీపు ఆగి ఉందండీ. ఇంటావిడ రోసమ్మగారు వాళ్ళతో పోట్లాడుతున్నారు. ఆవిడ ఫోన్‌లోంచే మాట్లాడుతున్నాను. ఇది బటన్ ఫోను, నెట్ ఉండదు." గబగబా చెప్పుకుపోయాడు. "ఆ ఇద్దరు పిల్లల్నీ హోటల్ ఉద్యోగమని చెప్పి రాజుగారు సరిహద్దులో ముఠాకి అప్పగించారు. లోపల కూర్చోబెట్టి ఫోన్ మోసాలు చేయిస్తారండీ, బయటికి వదలరు. ఆ బుధవారం నాకు అనుమానమొచ్చి వ్యాను వెంట పడ్డాను. మలుపు దగ్గర మ్యాపు ఆగిపోయింది, వ్యాను తప్పిపోయింది. తరవాత వాళ్ళు నా వెంట పడ్డారు. దసరా ముందు ఎలాగో దేశం చేరాను, నా మీదే కేసుందని ఇక్కడ దాక్కున్నాను."

మ్యాపు ఆగిపోయింది. ఆ మాట వినగానే కామేశ్వరమ్మ కళ్ళు మూసుకుంది. ఫోన్ అవతలివాడికి అది కనిపించదు.

"లోపలున్న పిల్లల్లో ఆశీష్ అని ఒకడు. రాజుగారు అప్పగిస్తున్నప్పుడు దొంగచాటుగా వీడియో తీశాడు. నిన్న రాత్రి వాడికి తన ఫోన్ మళ్ళీ దొరికి నాకు పంపాడు. అది దిగేసరికి నా డేటా అంతా అయిపోయింది. ఇప్పుడు నా దగ్గర వీడియో ఉంది, పంపడానికి చుక్క డేటా లేదు. వీళ్ళు లోపలికొస్తే ముందు ఫోనే లాక్కుంటారు. ఇది పోతే ఆ పిల్లలు రారండీ."

విజయేందర్ బండి తాళం తీశాడు. "నా నోటితోనే పోయింది సార్, నేనే పోత. దారిల పోలీసులకు ఫోన్ చేస్త." ఈసారి మెట్లు దిగుతుంటే అతని గొంతులో గుడ్ న్యూస్ లేదు.

భద్రయ్య తన నంబరు సత్యదేవ్‌కు చెప్పాడు. చెప్పి తలెత్తాడు. ముగ్గురి చూపూ ఒకేసారి దేవుడి గది గోడ మీదికి పోయింది. మంగళవారం. నాలుగున్నర కావడానికి ఇంకా చాలా ఉంది.

ఇన్నేళ్ళ జీవితంలో రాహుకాలంలో భద్రయ్య సంతకం పెట్టలేదు, కొత్త చొక్కా తొడగలేదు. ఇంత తెలిసీ, వెయ్యమ్మా అనడానికి ఆయనకు నోరు రాలేదు. ఆగమ్మా అని ఎలాగూ అనలేడు. ఆపమన్నది తనే. చేతులు కట్టుకొని నిలబడిపోయాడు.

ఝాన్సీలక్ష్మి కూడా తొందరపెట్టలేదు. "వదినా," అని మాత్రం అంది.

కామేశ్వరమ్మ లేచింది. పటం వెనకనుంచి ట్యాబ్ తీసింది. పట్టుగుడ్డ విప్పింది. లక్ష్మీదేవి ముఖంలోకి చూసి, ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టే అంది:

"అమ్మా, నువ్వు కాసేపు కళ్ళు మూసుకో."

ఆమె వేలు ఒకసారి తప్పు చోట పడింది. రెండోసారి సరిగ్గా నొక్కింది.

ఝాన్సీలక్ష్మి ఫోన్‌లో రశీదు వచ్చిన చప్పుడైంది. అన్ని రశీదుల్లో రాహుకాలంలో వచ్చినది అదొక్కటే.

"వచ్చిందక్కా! నెట్ వచ్చింది. పంపుతున్నా, పంపుతున్నా..." స్పీకర్‌లో గేటు గొలుసు లాగుతున్న చప్పుడు, దాని మీద ఒక ముసలామె గొంతు. "ఇల్లనుకున్నర్రా, సంత అనుకున్నర్రా? చర్చి ఫాదర్‌ని పిలుస్తా, మిలిటరీ వాళ్ళను సుత పిలుస్తా!"

భద్రయ్య చేతిలో ఫోన్ అదిరింది. వీడియో మెల్లగా దిగింది. బొమ్మ వంకరగా ఉంది, ఎవరో ఒళ్ళో దాచుకొని తీసినట్టు. ఇనుప గేటు ముందు నరసరాజు నిలబడి ఉన్నాడు. నుదుట కుంకుమ బొట్టు. అతని చేతిలో రెండు పాస్‌పోర్టులు. అవతలివాడు తీసుకోవడానికి చెయ్యి చాపితే నరసరాజు వారించాడు, గడియారం చూసుకున్నాడు.

"ఆగండి, వర్జ్యం వెళ్ళనివ్వండి," అన్నాడు వీడియోలో.

వర్జ్యం వెళ్ళేదాకా గేటు ముందు ఎవరూ కదల్లేదు. తరవాత నరసరాజు ఆ రెండు పాస్‌పోర్టులనూ భక్తిగా కళ్ళకద్దుకొని, అవతలివాడి చేతిలో పెట్టాడు.

భద్రయ్యకు గోడవతల గొంతుక్కూచున్న ఆ దొంగ గుర్తొచ్చాడు. పక్కనే కామేశ్వరమ్మ లక్ష్మీదేవికి మొహం చూపించలేక పటానికి వీపు పెట్టి నిలబడి ఉంది. ఆయన ఒకసారి తెర మీది మనిషిని చూశాడు, ఒకసారి ఈమెను చూశాడు. ఇక పూజారిని అడగాల్సిన పని లేదనిపించింది.

"అందింది సత్యదేవ్ గారూ," అన్నాడు. "పూర్తిగా అందింది. ఇప్పుడే పోలీసు పెద్దలకు పంపుతున్న. ఎనక దర్వాజ ఉంటే బయటపడు. విజయేందర్ అని ఒకడు వస్తున్నడు, నమ్ము."

"వెళ్తున్నానండీ. ఫోన్ రోసమ్మగారికి ఇచ్చి వెళ్తాను. అక్కా, మ్యాపు కూడా వచ్చింది," అన్నాడు సత్యదేవ్. ఆ గొంతులో చిన్న నవ్వు. "అక్కా, ఇవాళ మంగళవారం కదూ? టైమెంతయింది?"

కామేశ్వరమ్మ గోడ వైపు చూడలేదు. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకొని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"టైము చూడలేదురా నాన్నా," అంది. "ఆ బుధవారం నువ్వడిగిన జీబీ ఇది. ఇవ్వడం ఆలస్యమైంది."